పెరుగుకు మంకీ క్యాప్

విజయవాడ మనిషికి చలి గురించి మాట్లాడే అర్హత లేదని మా ఆవిడ నిశ్చితాభిప్రాయం. ఆవిడది ఆదిలాబాద్. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజామున 7, 8 డిగ్రీలంటే ఎవరూ వార్త అనుకోరు. ఆ చలిలో స్నానం చేసి, రెండు జడలు వేయించుకుని నడిచి బడికెళ్లిన మనిషి ఆవిడ. నేనేమో 18 డిగ్రీలకే మేజోళ్లు, మఫ్లరు, మంకీ క్యాప్ ధరించి, దుప్పటి మీద రగ్గు, రగ్గు మీద బొంత వేసుకుని, ముక్కొక్కటే బయటపెట్టి "కాఫీ" అని మూలుగుతుంటాను. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో బెజవాడ మాట మాకంటే బాగా పట్టేసిన ఆవిడ, నన్ను ఆ అవతారంలో చూసినప్పుడు మాత్రం తిన్నగా పుట్టింటి మాటలోకి వెళ్లిపోతుంది.

"గింత చలికే గిట్ల ముడుసుకుంటే, మా దిక్కొస్తే ఏమైతరు మీరు?"

ఏమవుతానో ఇద్దరికీ తెలుసు. పెళ్లయిన తొలి సంక్రాంతికి అత్తారింటికి వెళ్లి, వాకిట్లో వేసిన చలిమంట ఆరిపోయాక కూడా ఆ బూడిద పక్కనుంచి లేవకపోతే, మా మామగారు లోపలికెళ్లి తన గొంగడి తెచ్చి కప్పారు. సంక్రాంతి పండక్కి అల్లుడికి గొంగడి పెట్టిన మామ అప్పటి ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద ఆయనొక్కరే అయి ఉంటారు.

చలికాలంలో బద్ధకం ఎవరికైనా ఉంటుంది. నాది మామూలు బద్ధకమైతే ఇంట్లోవాళ్లు ఎప్పుడో క్షమించేసేవాళ్లు. అది చదువుకున్న బద్ధకం కావడంతోనే వచ్చింది గొడవంతా. బొంత కింద రేడియో పెట్టుకుని కళ్లు మూసుకుంటే దాన్ని సంగీతం అంటాను. పుస్తకం గుండెల మీద బోర్లించుకుని గురక పెడితే సాహిత్యం అంటాను. లేచి ఒక పని చెయ్యమంటే, ఆ పని అసలు ఎందుకు పుట్టిందో, దాని వెనక ప్రకృతి రహస్యం ఏమిటో వివరిస్తాను. నా వివరణ పూర్తయ్యేలోగా ఆ పని వేరేవాళ్లు చేసేస్తారు. ఇందులో దురుద్దేశం లేదని ఎంత చెప్పినా నమ్మరు.

కొబ్బరినూనె సంగతే తీసుకోండి. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడి బస్సు ఏడుంబావుకి సందు మొదట్లోకొచ్చి హారన్ కొడుతుంది. వాళ్లమ్మ దువ్వెన చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దాని జుట్టు పట్టుకుని, "నూనె కరిగించి ఇమ్మను మీ నాన్నని" అంటుంది. సన్నమూతి నీలం సీసా అది. తలకిందులు చేసి ఎంత దులిపినా చుక్క రాలదు. అగ్గిపుల్ల పెట్టి పొడిస్తే పుల్ల లోపల ఇరుక్కుంటుంది. సీసాని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

"చూశావా అమ్మలూ, కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. నువ్వులనూనె కట్టదు. ఎందుకంటావ్? కొబ్బరినూనెలో ఇంచుమించు సగం లారిక్ ఆమ్లం. దాని గొలుసుల్లో వంకర ఉండదు. అందుకని ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుని గట్టిపడతాయి. నువ్వులనూనెలో వంకర గొలుసులెక్కువ. అవి అంత తేలిగ్గా సర్దుకోవు."

"నాన్నా, బస్సు."

"అదే చెప్తున్నా. ఈ లెక్కన మన అలమరలో రాత్రి 24 కంటే తక్కువకి దిగిందని థర్మామీటరు లేకుండానే..."

మా ఆవిడ నా చేతిలోంచి సీసా లాక్కుని, స్నానానికి కాగిన నీళ్లు చెంబుతో ముంచి అందులో నిలబెట్టేసింది. "వంకరున్నోళ్లు సర్దుకోరని నాకు పెళ్లైనప్పుడే ఎర్క" అంది.

అమ్మాయి జడలతో బస్సెక్కింది. నేను మళ్లీ బొంతలోకి వెళ్లిపోయాను. నా శాస్త్రం ఏ ఒక్క వెంట్రుకకీ అంటలేదు.

అమ్మది ఇంకో తరహా. ఆవిడ నా వివరణ పూర్తిగా వింటుంది, మధ్యలో "ఊఁ" కొడుతుంది, ఆ తర్వాత తను చెయ్యదలుచుకున్నది చేసేస్తుంది. ఒక రాత్రి నా మంకీ క్యాప్ కనిపించలేదు. మంచం కింద చూశాను, బీరువాలో చూశాను, కలరా ఉండలేసి దాచిన ఉన్నిబట్టల పెట్టె మొత్తం తిరగేశాను. చెవుల్లోకి గాలి దూరుతోంటే వంటింట్లోకి వెళ్లి, "అమ్మా, నా టోపీ చూశావా?" అన్నాను.

"పెరుక్కి పెట్టాను" అంది.

గ్యాస్ పొయ్యి పక్కన బియ్యం డబ్బా మీద, స్టీలు గిన్నెకి నా టోపీ తొడిగి ఉంది. మీద ఎర్ర ఊలు కుచ్చు నిటారుగా నిలబడింది. మొహం కనబడాల్సిన కంతలోంచి గిన్నె బొజ్జ తళతళా మెరుస్తోంది. పక్కనే చల్లారిన పొయ్యి. నా మఫ్లరు కూడా అడుగున మెత్తగా చుట్టి ఉందని తర్వాత తెలిసింది.

పాలు తోడుకునే సూక్ష్మజీవులకి రమారమి 40 డిగ్రీల వెచ్చదనం ఇష్టమనీ, చల్లబడితే అవి బద్ధకిస్తాయనీ, వాటికీ నాకూ ఈ విషయంలో పోలిక ఉందనీ, ఇద్దరిలో ఎవరికి టోపీ ముఖ్యమో ఆలోచించమనీ వాదించాను.

"నువ్వు పెట్టుకుంటే ఏం లాభంరా? తెల్లారేసరికి ఎలాగున్నవాడివి అలాగే ఉంటావు. అది తోడుకుంటుంది" అంది అమ్మ.

పొద్దున్న చూస్తే పెరుగు కత్తితో కోసేటట్టు ఉంది. అప్పట్నుంచి ఆ టోపీ మా ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. దానికి ఒకపక్క కలరా ఉండల వాసన, ఒకపక్క మీగడ వాసన.

ధనుర్మాసం వచ్చిందంటే నాకు అసలు పరీక్ష. మా సందు చివర గుడి. గుడి గోపురం మీద మైకు. దాని నోరు తూర్పుకి తిప్పొచ్చు, పడమటికి తిప్పొచ్చు. సరిగ్గా నా కిటికీకి గురిపెట్టారు. తిరుమలలో కూడా ఈ నెల్లాళ్లూ సుప్రభాతం ఆపేసి తిరుప్పావైతోనే స్వామిని మేలుకొలుపుతారు కదా, ఆ లెక్కన మేమిద్దరం ఒకే పాటకి లేవాలి. ఆయన లేస్తాడు.

అమ్మ నాలుగున్నరకే తలారా స్నానం చేసి, శాలువా కప్పుకుని గుడికి బయల్దేరుతూ నా గదిలో లైటు వేసి వెళ్తుంది. నోరు తెరిచి ఏమీ అనదు. లైటు వేసి వెళ్తుంది, అంతే. దానికి విరుగుడుగా నేను తిరుప్పావై మీద పరిశోధన చేశాను. గోదాదేవి పాడిన 30 పాశురాల్లో, ఆరో దాని నుంచి పదిహేనో దాని దాకా పదీ నిద్రపోతున్న అమ్మాయిల్ని లేపే పాశురాలేనని పెద్దలు చెప్తారు. రోజుకొకరి గుమ్మం ముందు నిలబడి పక్షులు కూశాయనీ, శంఖం మోగిందనీ, పెరుగు చిలికే చప్పుడు వినబడలేదా అనీ పొడుస్తుంటారు. ఆ పదిమందికీ నా సానుభూతి పూర్తిగా ఉంది. పదిహేనో పాశురంలో అయితే లోపలున్న అమ్మాయి ఊరుకోదు, అలా అరవకండి, వస్తున్నాగా అని విసుక్కుంటుంది. అంటే ముందు పడుకుని, తర్వాత విసుక్కుని, ఆ తర్వాత లేవడమనే సంప్రదాయానికి సాక్షాత్తూ ఆ గోదాదేవి గ్రంథంలోనే ఆధారం ఉంది.

ఇది చెప్తే అమ్మ, "ఆ పిల్ల లేచిందిరా" అంది.

రెండో పాశురంలో వ్రతనియమాలుంటాయి. నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడవం అని. ఇరవై ఏడో పాశురానికి వచ్చేసరికి వ్రతం ఫలించి, నగలూ పట్టుబట్టలూ ధరించి, మోచేతి దాకా నెయ్యి కారేలా పాయసాన్నం అందరూ కూర్చుని తింటారు. ఆ రోజు నేను మైకు కంటే ముందు లేస్తాను. స్నానం చేస్తాను, వేణ్ణీళ్లే అనుకోండి. గుడి వరసలో మొదట నిలబడతాను. చక్కెరపొంగలి దొన్నె అందిస్తూ అర్చకస్వామి ఏటా నన్ను, "ఈ ఊళ్లోనే ఉంటారా?" అని అడుగుతారు.

ఇక పుస్తకాలు. జనవరి వచ్చిందంటే బెజవాడలో పుస్తక ప్రదర్శన. పూర్వం స్వరాజ్య మైదానంలో పెట్టేవాళ్లు. దుమ్ము, మిరపకాయ బజ్జీల పొగ, మైకులో ఎవరిదో ఆవిష్కరణ సభ, వీటన్నిటి మధ్య చలికి చేతులు చంకల్లో పెట్టుకుని పాత పుస్తకాలు తిరగేస్తుంటే నాకు ఇల్లు గుర్తుండేది కాదు. ఇల్లు మాత్రం నన్ను బాగా గుర్తుంచుకునేది. ఒక ఏడు మా ఆవిడ కచ్చితంగా చెప్పేసింది: కిందటేడు కొన్నవి సంచిలోంచి బయటికే రాలేదు, ఈ ఏడు ఒక్క పుస్తకం గుమ్మం దాటి లోపలికి రావడానికి వీల్లేదు. సంచి కూడా ఇవ్వలేదు.

విజయవాడ చలికి స్వెట్టర్ దేనికని నన్ను వెక్కిరించేవాళ్లకి ఇక్కడ సమాధానం ఉంది. వదులు స్వెట్టర్‌లో నడుం దగ్గర రెండు పుస్తకాలు హాయిగా పడతాయి. లావుపాటిది ముందూ, పల్చటిది వెనకా. బస్సులో కూర్చోవడం కష్టం, అంతే. ఇంట్లోకి అడుగుపెట్టి, ఎవరి వంకా చూడకుండా గదిలోకి జారుకుంటుంటే మా అమ్మాయి టీవీ ఆపి, "నాన్నా, నీ పొట్టకి మూలలొచ్చాయి" అంది.

ఆ మూలల్లో ఒకటి ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనం.

దుప్పటి కింద దాచే వ్యవధి కూడా దొరకలేదు. మర్నాడు మధ్యాహ్నం వరండాలో, నీరెండలో పీట వేసుకుని అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నేను పక్కనే కుర్చీలో పుస్తకం తెరిచాను.

"ఏం పుస్తకంరా?"

"రాధికాసాంత్వనం అమ్మా."

"రాధాకృష్ణులదా? ధనుర్మాసంలో ఎంత మంచి పుస్తకం తెచ్చావురా! పైకి చదువు, వింటాను. ఏమిటీ కలరా ఉండల వాసన, పాత పుస్తకమా?"

ఆ క్షణంలో కళ్లద్దాలు కనబడలేదన్నా బాగుండేది. అవి ముక్కు మీదే ఉన్నాయి. మొదలుపెట్టాను. ప్రార్థనలు బాగానే గడిచాయి. అమ్మ రెండుసార్లు దణ్ణం కూడా పెట్టుకుంది. కథ అందుకుంది. ఇళ అనే పిల్లని రాధ చిన్నప్పట్నుంచీ తనే పెంచి, యుక్తవయసు రాగానే కృష్ణుడికిచ్చి తనే పెళ్లి చేస్తుంది. అది కూడా బాగానే ఉంది, అమ్మ "అయ్యో" అంది. ఆ తర్వాత శోభనం. పెళ్లికూతురు ఎలా మెలగాలో పెళ్లికూతురికీ, పెళ్లికొడుకు ఎలా మెలగాలో పెళ్లికొడుకుకీ రాధ చెప్పడం మొదలుపెట్టింది. నా కళ్లు నోటికంటే రెండు పాదాలు ముందు పరిగెడుతున్నాయి. నోరు ఆగిపోయింది.

"ఊఁ, తర్వాత?"

"ఇక్కడ వసంత ఋతువు వర్ణన అమ్మా. పెద్దగా ఏం లేదు."

పేజీ తిప్పాను. అక్కడ ఇంకా ఘోరం.

"ఇది కూడా వసంతమే."

ఇంకో నాలుగు పద్యాలు దాటేశాను. చిక్కుడుకాయ తుంపుతున్న అమ్మ వేళ్లు ఆగాయి. "ఆ వసంతం ఎంతకీ అయిపోదేమిట్రా?" అంది. గుమ్మం దగ్గర మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తింది. జనవరి నెలలో నాకు మెడ వెనక చెమట కారింది. స్వెట్టర్ విప్పేశాను.

ఇలాంటప్పుడు నాకున్న ఒకే ఒక్క దారి వివరణ. పుస్తకం మూసి చరిత్ర అందుకున్నాను. ముద్దుపళని తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉండే గణిక అమ్మా, పద్దెనిమిదో శతాబ్దం. తర్వాత్తర్వాత కందుకూరి వీరేశలింగం గారు ఇందులో పచ్చి శృంగారం ఉందని ఈసడించారు. అచ్చులో వచ్చిన ప్రతిలో పద్యాలు ఎగిరిపోయాయని గమనించి, బెంగళూరు నాగరత్నమ్మ గారు రాతప్రతి సంపాదించి, 1910లో వావిళ్ల వారి ద్వారా మొత్తం పుస్తకం అచ్చు వేయించారు. ఆడది రాస్తేనే ఇది బూతవుతుందా, మగకవులు రాసినవి కాదా అని పీఠికలో నిలదీశారు. బ్రిటిష్ ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది, దానికి ప్రకాశం పంతులు గారు పూనుకోవాల్సి వచ్చింది...

అమ్మ "ఊఁ" అంటూ మొత్తం వింది. చిక్కుడుకాయల చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. గండం గడిచిందనుకున్నాను.

మర్నాడు తలగడ కింద పుస్తకం లేదు. వరండాలో తొంగిచూస్తే అమ్మ గోడకి ఆనుకుని, కాళ్లు చాపుకుని, అద్దాలు పెట్టుకుని చదువుకుంటోంది. వేలు పద్యం కింద మెల్లగా జరుగుతోంది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. అటువైపు నాలుగు రోజులు ఎవరూ వెళ్లలేదు. మా ఆవిడ కాఫీ కూడా గుమ్మం దగ్గరే పెట్టి వచ్చేసింది. చివరికి ఒక సాయంత్రం పుస్తకం నా ఒళ్లో పడింది.

"మహా బాగా రాసింది. నువ్వు వసంతం అన్నవే ఎక్కువ బాగున్నాయి" అంది అమ్మ.

నేను అమ్మ మొహంలోకి చూడలేదు. ఆవిడ చెప్పుకుపోతోంది. "ఆ రాధని చూడు. తనే పెంచింది, తనే చేతిలో చెయ్యి పెట్టింది, ఇచ్చేసిన తర్వాత గదా గుండె పగిలింది. అది తెలిసినావిడ కాబట్టి రాసింది. మీరంతా కలిసి దాన్నా నిషేధించింది?"

వీరేశలింగం గారూ, బ్రిటిష్ ప్రభుత్వమూ, నేనూ ఎప్పుడు ఒక జట్టయ్యామో నాకు తెలీదు.

"ఆ అచ్చేయించినావిడ ఎవరన్నావ్?"

చెప్పాను. త్యాగరాజస్వామి సమాధి తిరువైయారులో పట్టించుకునేవాళ్లు లేక పాడుపడి ఉంటే, ఉన్న నగలమ్మి ఆ చోటు కొని గుడి కట్టించింది కూడా ఈ నాగరత్నమ్మ గారేనని చెప్పాను. అక్కడి ఆరాధనలో ఆడవాళ్లు పాడకూడదంటే, ఆడవాళ్లందర్నీ పోగేసి పాడించిందని చెప్పాను. ఈసారి మాత్రం అమ్మ నా వివరణ వినేసి లేచి వెళ్లిపోలేదు. చివరికి, "అయితే ఈ ఏడు ఆరాధనకి నేనూ వస్తాను. నువ్వు పాడతావుగా, వింటాను" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. పుష్య బహుళ పంచమినాడు మా పేటలో జరిగే త్యాగరాజ ఆరాధన గోష్ఠిలో నేను ఏటా కూర్చుంటాను. జరీ పంచె కట్టుకుని, సాహిత్యం ఉన్న చిన్న పుస్తకం చేత్తో పట్టుకుని, వెనక వరసలో. ఇంట్లో అంతా నేను పాడి వస్తున్నాననే అనుకుంటున్నారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. అయిదు రాగాలు, అయిదు పంచరత్నాలు. పేర్లు వరసగా చెప్పమంటే నిద్రలో కూడా చెప్తాను. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చుని నేర్పకూడదని, నేర్పితే ఇద్దరికీ చెడుతుందని సంగీతం వాళ్లలో ఒక నమ్మకం. అందుకే వరాళి కృతి నేర్చుకోలేదని మా ఆవిడతో ఒకసారి అన్నాను.

"మరి కడమ నాలుగు?" అంది.

వందమంది కలిసి పాడేచోట పాట రాకపోవడం అంత లోటేం కాదు. చరణం నడుస్తున్నంతసేపూ అచ్చులకి అనుగుణంగా నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే చాలు. చరణం తిరిగి మకుటానికి వచ్చేచోట అందరూ గట్టిగా ఎత్తుకుంటారు. అక్కడ నేనూ పూర్తి గొంతుతో కలుస్తాను. దూరం నుంచి చూసేవాళ్లకి ఆ చివరి ఊపే గుర్తుంటుంది.

ఆ రోజు అమ్మ ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన మా ఆవిడ, అమ్మాయి. నాట దాటింది. గౌళ దాటింది, త్యాగయ్య తన తప్పులన్నీ తనే ఏకరువు పెట్టుకుని, ఇలాంటి నన్ను ఎవరు కాపాడతారని అడిగే కృతి అది, దాన్ని పెదాలతో మాత్రమే పాడినవాణ్ణి కూడా స్వామి లెక్కలో వేసుకోవాలి. ఆరభి వచ్చింది. చరణం తర్వాత చరణం, ప్రతిదాని చివరా అదే మకుటం. అమ్మ వింటోందన్న ఉత్సాహంలో ఒక చరణం సగంలోనే అయిపోయిందనుకున్నాను. పూర్తి గొంతుతో ఎత్తుకున్నాను. ఒక్కణ్ణే.

మృదంగం ఆయన తలెత్తి చూశాడు. ముందు వరసలో ఉన్న సంగీతం టీచరు గారు వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "పాట మేం చూసుకుంటాం మాస్టారూ, మీరు తాళం వెయ్యండి" అన్నారు. ఆదితాళానికి ఎనిమిదే దెబ్బలు. శ్రీరాగం వచ్చేసరికి నేనూ మృదంగమూ వేరు వేరు వీధుల్లో ఉన్నాం.

తిరిగి వస్తుంటే ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. అమ్మాయి ఫోన్‌లో వీడియో చూసుకుంటూ మఫ్లరులో మొహం దాచుకుంటోంది. ఆ వీడియో అప్పటికే ఆదిలాబాద్ చేరిందని మామగారి ఫోన్ వచ్చాక తెలిసింది. ఆయన పాపం, "అల్లుడు గట్టిగనే పాడిండు" అన్నారు.

"అంతమందిలోనూ నీ గొంతు నాకు తెలిసిపోయిందిరా" అంది అమ్మ, ఆటో దిగుతూ. అది మెచ్చుకోలో కాదో అడిగే ధైర్యం చాల్లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ మళ్లీ తనే అంది: "వచ్చే ఏడు పుస్తకాల తీర్థానికి వెళ్లినప్పుడు ఆ నాగరత్నమ్మ గారి గురించి ఏమన్నా దొరుకుతుందేమో చూడు. నువ్వు చదివి వినిపించక్కర్లేదు, నేను చదువుకుంటాను."

నేను మా ఆవిడ వంక చూశాను. పుస్తకాల నిషేధం ఇంకా అమల్లోనే ఉంది మరి.

"గీసారి సంచి పట్టుకపోండ్రి. స్వెటర్ల ఎన్నని పడ్తయ్?" అంది ఆవిడ.